తెరమీది ఆటలు – గుణదోషాలు

పులిజూదంలో ఓడినవాడు వెంటనే లేవడు. గచ్చు మీద సుద్దతో గీసిన గీతల వంక చూస్తూ కాసేపు అలాగే కూర్చుంటాడు. మూడు పులులు, పదిహేను మేకలు. ఏ మేకను ఏ కూడలిలో పెట్టడం వల్ల పులికి దారి దొరికిందో అతనికి నెమ్మదిగా తెలిసివస్తుంది. అక్కడ పెట్టకుండా ఉండవలసింది అనుకుంటాడు, మరో ఆటకు సిద్ధపడతాడు. వైకుంఠపాళిలో ఓడినవాడి సంగతి వేరు. పరమపదానికి ఇంకో రెండు గళ్ల దూరంలో ఉన్నవాడు పెద్దపాము నోటపడి అడుక్కి జారిపోతే అందులో అతని తప్పేమీ లేదు. పందెం అలా పడింది. గవ్వలను తిట్టుకోవడం తప్ప అతను నేర్చుకునేదీ ఏమీ లేదు.

ఈ రెండు ఆటలూ తరతరాలుగా తెలుగువారి అరుగుల మీద సాగినవే. ఇరుగుపొరుగు భాషల వారి ఇళ్లలోనూ వీటికి తోబుట్టువులు ఉన్నాయి. పులిజూదాన్ని తమిళులు ఆడుపులి ఆట్టం అంటారు. వామనగుంటలు తమిళనాట పల్లాంగుళి, కర్ణాటకలో అళిగుళిమణె. ఏ పేరుతో ఆడినా, ఆటను అంచనా కట్టడానికి ఒక ప్రశ్న ఎప్పుడూ పనికివస్తుంది. ఓడినవాణ్ణి ఓడించినది ఏమిటి? అతని ఆలోచనా, అతని అదృష్టమా, లేక మరేదైనానా?

వీడియో గేముల విషయంలో ఈ ప్రశ్న వేసేవారు తక్కువ. వాటి గురించి ఇళ్లలో వినిపించే మాటలు రెండే రకాలు. కళ్లు పోతాయి, చదువు పాడవుతుంది, వాటి జోలికి పోవద్దు అనేది ఒకటి. చురుకుదనం పెరుగుతుంది, కాలంతోపాటు నడవాలి అనేది రెండోది. రెండింటిలోనూ ఆటల పేర్లు వినిపించవు. పుస్తకాల విషయంలో ఎవరూ ఇలా మాట్లాడరు. పుస్తకాలు మంచివా, చెడ్డవా అని అడిగితే 'ఏ పుస్తకం?' అని ఎదురు ప్రశ్న వేస్తారు. సినిమా చూసి వచ్చినవాడు కథ బాగుంది, రెండో సగం సాగదీశారు, పాటలు అక్కరలేని చోట పెట్టారు అని విడమరచి చెప్పగలడు. అదే మనిషి ఆరు నెలలపాటు రోజూ ఆడిన ఆటను గురించి 'బాగుంది', 'బాగాలేదు' అనే రెండు మాటలతో సరిపెడతాడు. వీడియో గేమ్ కూడా ఎవరో కూర్చుని, నియమాలు అల్లి, తయారుచేసిన వస్తువే. దానిలోనూ పనితనం ఉంటుంది, పొరపాట్లు ఉంటాయి, కొన్నిచోట్ల మోసమూ ఉంటుంది.

మొదటి తరం ఆటల్లో గుణమేదో, దోషమేదో విడదీయడమే కష్టం. 1972లో అమెరికాలోని అటారి సంస్థలో ఆలన్ అల్కార్న్ అనే యువ ఇంజనీరు 'పాంగ్' అనే ఆటను తయారుచేశాడు. నల్లని తెర మీద రెండు గీతలు, వాటి మధ్య ఎగిరే ఒక చుక్క. అది టేబుల్ టెన్నిస్‌కు నీడ వంటిది. ఆ గీతలు తెర పైఅంచుదాకా వెళ్లవు. అది సర్క్యూటులోని లోపం. అల్కార్న్ దాన్ని సరిచేయకుండా వదిలేశాడు. అంచున కాస్త ఖాళీ ఉండటం వల్ల ఎంత నేర్పరికైనా బంతి తప్పిపోయే అవకాశం మిగిలింది. లేకపోతే ఇద్దరు మంచి ఆటగాళ్లు చేరినప్పుడు ఆట ఎప్పటికీ తెమిలేది కాదు. గీతలో ఏ భాగానికి తగిలితే బంతి ఏ కోణంలో తిరిగి వెళ్లాలో కూడా అతడు ఏర్పాటు చేశాడు. చూడటానికి ఏమీ లేని ఆ ఆటలో, ఓడినవాడికి తన చెయ్యి ఎక్కడ ఆలస్యమైందో స్పష్టంగా తెలుస్తుంది. ఒక మద్యశాలలో మొదటి యంత్రాన్ని పెట్టిన కొన్నాళ్లకే అది పనిచేయడం లేదని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే నాణేల డబ్బా నిండిపోయి ఉంది!

1978లో జపానులో టొమొహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్' కథ ఇంకా విచిత్రమైనది. అయిదు వరుసల్లో, వరుసకు పదకొండు చొప్పున, యాభై అయిదు అన్యగ్రహ జీవులు పక్కకు జరుగుతూ మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంటాయి. వాటిని కింద నుంచి ఆటగాడు కాల్చాలి. ఆనాటి కంప్యూటరుకు అన్ని బొమ్మలను ఒకేసారి గీయడం భారమైంది. అందువల్ల బొమ్మలు ఎక్కువగా ఉన్నప్పుడు అవి నెమ్మదిగా కదిలేవి. ఒక్కొక్కటే కూలిపోతున్నకొద్దీ యంత్రం మీద బరువు తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. నిషికాడో దీన్ని గమనించి అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడుతున్నకొద్దీ గెలవడం కష్టమయ్యే ఆ ఏర్పాటును ఎంత ఆలోచించినా అంత చక్కగా కల్పించడం సాధ్యమయ్యేది కాదేమో! వెనుక నాలుగు స్వరాలు గుండె చప్పుడులాగా మోగుతూ వాటితోపాటు వేగం పెంచుకుంటాయి.

అయితే ఈ ఆటకు ముగింపు లేదు. యాభై అయిదింటినీ కూల్చినవాడి ముందుకు మరో యాభై అయిదు వస్తాయి. చివరికి ఎవరైనా ఓడవలసిందే. ఎందుకంటే అది నాణెం వేసి ఆడే యంత్రం. ఒకే కుర్రాడు ఒక నాణెంతో సాయంత్రమంతా నిలబడితే యజమానికి గిట్టదు. ఆటగాణ్ణి నాలుగైదు నిమిషాల్లో ఓడించి, అయినా మరో నాణెం తీయాలనిపించేట్లు చేయడమే ఆ కాలపు రూపకర్తల విద్య. ఆటకు, ఆటగాడి జేబుకు మధ్య సంబంధం ఈ మధ్య ఏర్పడిందేమీ కాదు. కాని ఆ బేరంలో ఒక నిజాయితీ ఉండేది. నాణెం వేసిన ఇద్దరికీ ఒకే ఆట దొరికేది. రెండో నాణెం వేసినవాడికి మరో ప్రయత్నం దొరికేదే తప్ప బలమైన తుపాకీ దొరికేది కాదు.

1980లో వచ్చిన 'ప్యాక్‌మన్' గురించి ఎక్కువగా చెప్పనక్కరలేదు. టోరు ఇవటాని గొప్పతనమంతా ఆ నాలుగు దయ్యాల స్వభావాల్లో ఉంది. ఎర్రది సూటిగా వెంటపడుతుంది. గులాబిది ముందుకు వెళ్లి కాపుకాస్తుంది. నారింజ రంగుది దగ్గరదాకా వచ్చి, తనకే భయమేసినట్టు మూలకు పారిపోతుంది. మాటా ముఖమూ లేని బొమ్మలకు నడకతోనే గుణం కల్పించడం చిన్న విషయం కాదు. దోషం కూడా అక్కడే ఉంది. ఆటగాడు ఒకే దారిలో, ఒకే తీరుగా పోతే దయ్యాలూ ప్రతిసారీ ఒకే తీరుగా కదులుతాయి. అది తెలిసినవాళ్లు దారులు కంఠస్థం చేసి ఆడటం మొదలుపెట్టారు. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆడే ఆట ఎంతసేపు ఆడితే ఏం లాభం? 256వ అంకె చేరేసరికి లెక్కపెట్టే యంత్రం తికమకపడి తెరలో కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోతుంది. అంతదూరం ఎవరైనా వెళతారని తయారుచేసినవారు అనుకోలేదు.

ఈ ఆటలన్నింటిలోకీ ఎక్కువకాలం పరీక్షకు నిలిచింది 'టెట్రిస్'. 1984లో మాస్కోలోని విజ్ఞానశాస్త్ర అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని రాశాడు. ఆయన పనిచేసిన కంప్యూటరుకు బొమ్మలు గీసే శక్తి లేదు. అందువల్ల బ్రాకెట్ గుర్తులతోనే ముక్కలను తయారుచేశాడు. నాలుగేసి చదరాలతో కూడిన ఏడు ఆకారాలు ఒక్కొక్కటిగా పైనుంచి రాలుతాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరుస నిండితే అది మాయమవుతుంది. నియమం అంతే. దీనికి కథ లేదు, శత్రువు లేడు, నెత్తురు లేదు. భాష అసలే అక్కరలేదు. ఒడియా మాట్లాడే పిల్లకూ, మరాఠీ మాట్లాడే పిల్లవాడికీ, రష్యన్ ముసలాయనకూ ఇది ఒకే విధంగా అర్థమవుతుంది.

భారతదేశంలో 1990లలో చాలామంది పిల్లలు టెట్రిస్‌ను ఆ పేరుతో ఎరగరు. బజారులో, తిరునాళ్లలో అమ్మే 'బ్రిక్ గేమ్' అనే చేతిపెట్టెలో దాన్ని ఆడారు. రెండు సెల్లులు వేస్తే నెలల తరబడి నడిచేది. పెట్టె మీద 9999 ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల నిజానికి ఉన్నవి పది పదిహేను ఆటలే. వేగాలు, మెట్లు మార్చి అంత లెక్క తేల్చారు. అయినా అన్ని అబద్ధాల మధ్య అసలు ఆట మాత్రం అసలైనదే.

టెట్రిస్‌లోని గొప్ప గుణం, ఓటమి కళ్లెదుట కుప్పగా కనిపించడం. తొందరపడి వేసిన ముక్క కింద ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది. దానిమీద ఇంకో ముక్క పడుతుంది. ఆ సందు అక్కడే ఉండి, అయిదు నిమిషాల తరవాత కూడా ఆటగాణ్ణి వేలెత్తి చూపుతుంది. పులిజూదంలో గీతల వంక చూసేవాడి స్థితే ఇక్కడా ఉంటుంది. కాని ఇందులో వైకుంఠపాళి పాలు కూడా కొంత ఉంది. పాత రూపాల్లో ఏ ముక్క తరవాత ఏ ముక్క వస్తుందో పూర్తిగా యాదృచ్ఛికం. నాలుగు గడుల నిలువు కడ్డీ కోసం కట్టడమంతా సిద్ధం చేసుకుని కూర్చుంటే అది ఎంతకూ రాదు. వంకర ముక్కలే వరసగా వస్తే ఎంతటివాడైనా ఓడక తప్పదని 1997లో గణితశాస్త్రరీత్యా నిరూపించారు కూడా. తరవాతి కాలపు రూపాల్లో దీనికి విరుగుడు కనిపెట్టారు. ఏడు ముక్కలనూ ఒక సంచిలో వేసి కలిపినట్టు కలిపి, ఏడూ అయిపోయాకే మళ్లీ మొదలుపెడతారు. దీనివల్ల అన్యాయం తగ్గిన మాట నిజం. అయితే కడ్డీ రాని కరువు రోజుల్లో కట్టడాన్ని కూలకుండా నిలబెట్టడమే అసలైన నేర్పు అనేవాళ్లూ ఉన్నారు. వానలు పడని ఏడాది సేద్యం చేసినవాడే రైతు అన్నట్టుంటుంది వాళ్ల వాదన. కొట్టిపారేయదగినది కాదు.

పజిత్నోవ్‌కు చాలాకాలం ఈ ఆట మీద పైసా రాలేదు. హక్కులు సోవియట్ ప్రభుత్వం చేతిలో ఉండేవి. 1989లో నింటెండో సంస్థ తన చేతియంత్రం 'గేమ్ బాయ్'తో టెట్రిస్‌ను జతచేసి కోట్లమందికి చేర్చినప్పుడు కూడా ఆయన సొమ్ము చేసుకోలేదు. 1996 నుంచే ఆయనకు ఆదాయం మొదలైంది. నింటెండో వారి ఇంకో పాత టెట్రిస్ రూపంలో ముక్కలు 29వ మెట్టు దగ్గర మనిషి చెయ్యి అందుకోలేనంత వేగంగా పడతాయి. అదే ఆఖరు అని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. మీట నొక్కే కొత్త పద్ధతులు సాధన చేసి, 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల కుర్రాడు ఒకడు 157వ మెట్టుదాకా వెళ్లాడు. అక్కడ యంత్రమే కదలకుండా నిలిచిపోయింది.

చెప్పకుండా నేర్పడంలో 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'కు సాటి వచ్చే ఆటలు తక్కువ. షిగెరు మియమోటో, తకాషి తెజుకా దాన్ని రూపొందించారు. మొదటి అంకంలో కొద్ది అడుగులు వేయగానే ఎదురుగా ఒక జీవి నడిచివస్తుంది. ఊరుకుంటే చావు తప్పదు. ఎగిరితే బతకవచ్చు. దాని నెత్తిన దూకితే అదే చస్తుంది. పైన మెరిసే పెట్టెను తలతో కొడితే ఒక పుట్టగొడుగు బయటికి వచ్చి, అవతలి గొట్టానికి తగిలి తిరిగి ఆటగాడి వైపే వస్తుంది. అది మంచిదో చెడ్డదో తెలియక పారిపోదామనుకున్నవాడికి కూడా తగిలి, పెద్దవాణ్ణి చేస్తుంది. ఒక్క అక్షరం చదవకుండా అర నిమిషంలో ఆట నియమాలన్నీ తెలిసిపోతాయి. ఉపాధ్యాయులు తరచి చూడదగిన పాఠం ఇది. కాని ముప్పై రెండు అంకాల ఆ ప్రయాణంలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టే ఏర్పాటు లేదు. ప్రాణాలన్నీ అయిపోతే మళ్లీ మొదటికే. పోయిన లోకం నుంచి కొనసాగించే మీటల కిటుకు ఒకటి ఉన్నా, అది తెలిసినవాళ్లు కొద్దిమందే. టీవీకి తగిలించి ఆడే రోజుల్లో కరెంటు పోతే ఏడో లోకంలో ఉన్నవాడైనా మొదటి లోకానికి దిగవలసిందే. ఆ విషయంలో అది వైకుంఠపాళిలోని పామే.

మారియోకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టదగినది అటారి వారు 1982లో అమ్మిన 'ఇ.టి.'. స్పీల్‌బర్గ్ సినిమా విజయాన్ని క్రిస్మస్ అమ్మకాలకు అందుకోవాలన్న తొందరలో హోవర్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క మనిషికి అయిదు వారాలు గడువిచ్చారు. అందులో ఇ.టి. నడుస్తూ నడుస్తూ గోతుల్లో పడిపోతుంటాడు. మెడ చాచి పైకి తేలి, అంచున మళ్లీ అదే గోతిలో పడతాడు. ఎందుకు పడ్డాడో ఆటగాడికి తెలియదు. వార్షా చేతకానివాడు కాడు. అంతకుముందే ఆయన చేసిన 'యార్స్ రివెంజ్' అందరి మెప్పూ పొందింది. లోపం గడువు పెట్టినవారిది. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆలమగోర్డో ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. అది కట్టుకథ అని చాలామంది నమ్మేవారు. 2014లో తవ్వితే ఇ.టి. పెట్టెలు బయటపడ్డాయి. వాటితోపాటు బాగున్నాయని పేరుపడిన ఇతర ఆటలవీ ఉన్నాయి.

కంప్యూటర్లు పాఠశాలలకు, ఆఫీసులకు కొత్తగా వచ్చిన రోజుల్లో భారతదేశంలో చాలామంది మొదట చూసిన ఆట 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. జోర్డన్ మెక్నర్ 1989లో దాన్ని ముగించాడు. తన తమ్ముడు పరుగెత్తుతుండగా, దూకుతుండగా వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క చిత్రంగా గీసుకున్నాడు. అందుకే ఆ యువరాజు అంచు పట్టుకుని వేలాడితే చూసేవాడి వేళ్లు నొప్పిపుడతాయి. ఆటలో అరవై నిమిషాల్లో చెరసాల నుంచి రాజకుమారి దగ్గరికి చేరాలి. గడియారం ఆగదు. ఇది ఉత్కంఠను పెంచిన మాట నిజమే కాని, కొన్ని ఉచ్చులు కాలు పెట్టి చచ్చాక తప్ప కనిపించవు. ఇలాంటిచోట ఆటగాడు తెలివితో కాక చావులు లెక్కపెట్టి నేర్చుకుంటాడు. ఇది మెచ్చదగిన పద్ధతి కాదు.

ఆ ఆటలోనే ఒక అద్భుతమైన ఘట్టం ఉంది. శత్రువులను చూపడానికి కంప్యూటరు జ్ఞాపకశక్తిలో చోటు చాలలేదు. అప్పుడు ఒక సహోద్యోగి ఇచ్చిన సలహాతో మెక్నర్ యువరాజు బొమ్మలనే తారుమారు చేసి ఒక నీడ మనిషిని సృష్టించాడు. అద్దంలోంచి దూకి బయటికి వచ్చిన ఆ నీడ చివరికి కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. దాన్ని పొడిస్తే గాయం యువరాజుకే తగులుతుంది. అంతవరకు ప్రతివాణ్ణీ నరుకుతూ వచ్చిన ఆటగాడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కత్తి ఒరలో పెట్టి ముందుకు నడిస్తే నీడ అతనిలో కలిసిపోతుంది. ఎవరూ చెప్పరు, తెర మీద ఒక్క మాట ఉండదు. వీడియో గేముల్లో హింస తప్ప ఏముందనేవారికి చూపవలసిన ఘట్టమిది. అయితే అలాంటి ఘట్టాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉన్నాయని కూడా ఒప్పుకోవాలి.

ఇంతవరకు చెప్పిన ఆటలను డబ్బు పెట్టి కొన్నారు, లేదా నాణెం వేసి ఆడారు. ఫోన్లు చేతికి వచ్చాక బేరం మారింది. ఆట ఉచితం. ఆ మాట వినడానికి బాగుంటుంది. 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్ సాగా'నే చూస్తే, రంగురంగుల మిఠాయిలను మూడేసి కలపడం చక్కని ఆలోచనే. నియమం సులువు, చప్పుళ్లు ముద్దుగా ఉంటాయి, బస్సులో కూర్చున్న అమ్మమ్మ కూడా ఆడగలదు. కాని ప్రాణాలు అయిదే. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి. ఆగలేనివాడు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కొన్ని మెట్లు మిఠాయిలు అనుకూలంగా పడితే తప్ప దాటలేనివి. ఒక్క ఎత్తులో తప్పిపోయినప్పుడు, ఇంకో అయిదు ఎత్తులు కావాలా, ఇంత ఇవ్వు అని తెర అడుగుతుంది. అడ్డం పెట్టినదీ ఆటే, అడ్డం తీయడానికి రొక్కం అడిగేదీ ఆటే. పులిజూదంలో మేకలు చుట్టుముట్టినప్పుడు ఎదుటివాడు 'రూపాయి ఇస్తే ఒక మేకను తీసేస్తాను' అంటే అరుగు మీద పెద్దవాళ్లు ఊరుకుంటారా? ఇక్కడ ఓడినవాణ్ణి ఓడించినది తన ఆలోచన కాదు, పూర్తిగా అదృష్టమూ కాదు. అమ్మేవాడి లెక్క.

ఇంతకంటె ముదిరిన రూపం, లోపల ఏముందో చెప్పకుండా అమ్మే పెట్టెలు. డబ్బు కట్టి తెరిస్తే అరుదైన ఆయుధమో, ఆటగాడి బొమ్మో రావచ్చు, పనికిరాని చొక్కా రావచ్చు. ఇలాంటి అమ్మకాల్లో ఒక పద్ధతిని జపాను 2012లోనే నిషేధించింది. డబ్బు తీసుకుని అమ్మే ఈ పెట్టెలు జూదపు చట్టం కిందికి వస్తాయని 2018లో బెల్జియం తేల్చింది. భారతదేశంలో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద ఒక చట్టం చేసి, డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించింది. రమ్మీ వంటి ఆటల్లో జీతాలు, పొలాలు పోగొట్టుకున్న కుటుంబాల సంగతి తెలిసినవారు దాన్ని స్వాగతించారు. మామూలు ఆటల లోపల మిఠాయి ప్రాణాలకూ, మూసిన పెట్టెలకూ పిల్లలు పెట్టే ఖర్చు మాత్రం వేరే ప్రశ్న.

ఇక్కడ 'పబ్‌జి' మాట రాక తప్పదు. ఫోన్లలో 2018 నుంచి దీన్ని ఆడటం మొదలైంది. వందమంది గొడుగులు కట్టుకుని ఒక దీవిలో దిగుతారు. వట్టి చేతులతో దిగినవాళ్లు దొరికిన ఆయుధం ఏరుకోవాలి. దీవి చుట్టూ వలయం కుంచించుకుపోతూ అందరినీ దగ్గరికి నెడుతుంది. చివరికి మిగిలినవాడిదే గెలుపు. ఇందులోని గుణాలను కాదనడం న్యాయం కాదు. నలుగురు స్నేహితులు జట్టుగా ఆడేటప్పుడు ఒకడు దారి చూస్తాడు, ఒకడు వెనక కాపు కాస్తాడు. దెబ్బతిన్నవాణ్ణి తుపాకిగుండ్ల మధ్య పాకుతూ వెళ్లి లేపడానికి ఇంకొకడు తెగిస్తాడు. అడుగుల చప్పుడు విని మనిషి ఏ వైపు ఉన్నాడో పోల్చుకోవాలి. ఎప్పుడు దాక్కోవాలో, ఎప్పుడు పరుగెత్తాలో నిర్ణయించుకోవాలి. ఊళ్లు మారిపోయి విడిపోయిన నేస్తాలు రాత్రిపూట ఆ దీవిలో కలుసుకుని సొంత భాషలో కబుర్లు చెప్పుకున్నారు. అది చిన్న ఉపకారం కాదు.

దోషాలూ బలమైనవే. ఆట దాదాపు అరగంట సాగుతుంది, మధ్యలో ఆపడానికి వీల్లేదు. అన్నానికి రమ్మని తల్లి పిలిచినప్పుడు లేచిపోతే ముగ్గురు స్నేహితులకు ద్రోహం చేసినట్టవుతుంది. పిల్లవాడి మొండితనంగా కనిపించేదానిలో కొంత ఆట కట్టిన ముడి. కొత్తగా చేరినవారికి ఎదురయ్యేవాళ్లలో చాలామంది మనుషులు కారు, యంత్రం నడిపే బొమ్మలు. వాటిని కాల్చి తాను గొప్పవాణ్ణని మురిసినవాడు అసలైన ఆటగాళ్ల మధ్య పడ్డాక పోయిన గౌరవం తిరిగి తెచ్చుకోవడానికి మరిన్ని గంటలు కూర్చుంటాడు. తెలియక ఓడటం ఎంత చెడ్డదో, తెలియక గెలవడమూ అంతే.

ఈ ఆటను పిల్లలు చెడిపోతున్నారని నిషేధించారని చాలామంది అనుకుంటారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం మరికొన్నింటితో కలిపి 118 యాప్‌లను ఆపివేసినప్పుడు చెప్పిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత. ఆట మంచిచెడ్డలను అప్పుడు ఎవరూ తూచలేదు. 2021లో పేరు మార్చుకుని అది తిరిగి వచ్చింది. 2022 జులైలో మళ్లీ ఆగి, 2023 మేలో మరోసారి వచ్చింది. 2021లో వచ్చినప్పుడు పద్ధెనిమిదేళ్లు నిండనివారికి రోజుకు మూడు గంటలని, ఖర్చు రోజుకు 7,000 రూపాయలకు మించరాదని హద్దులు పెట్టారు. ఒక చిన్న రైతు ఇంట్లో నెల ఖర్చు ఎంతో ఆ హద్దు పెట్టినవారికి తెలిసినట్టు లేదు.

ఆడకుండా ఉండలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఎక్కువ గంటలు ఆడటాన్నే సంస్థ రుగ్మత అనలేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు. సెలవుల్లో పది రోజులు మారియో ఆడిన పిల్లను రోగి అనడం తప్పు. అలాగని ఫోను లాక్కుంటే గోడకు తల బాదుకునే పిల్లవాడిది వట్టి అల్లరి అని సరిపెట్టుకోవడమూ తప్పే.

భారతదేశంలో తయారైన ఆటల్లో 2020లో పుణె నగరం నుంచి వచ్చిన 'రాజీ' ఒకసారి చూడదగినది. తప్పిపోయిన తమ్ముణ్ణి వెదుకుతూ పోయే అక్క కథ ఇది. రాజస్థాన్ కోటల తీరు కట్టడాలు, గోడల మీద చిత్రాలు, తోలుబొమ్మల వంటి కథనం కంటికి విందు చేస్తాయి. పోరాటాలు మాత్రం కొంతసేపటికి ఒకే తీరుగా తోస్తాయి. కథ తీరా పట్టు దొరికేసరికి తెగిపోతుంది. బొమ్మ గీసినంత శ్రద్ధగా నియమం అల్లలేదని విమర్శకులు అన్నది నిజమే. తోలుబొమ్మలాట పుట్టిపెరిగిన నేల నుంచి ఇంతకంటె మంచి ఆట రావలసి ఉంది.

ఓటమి ప్రశ్నకు అసలు లొంగని ఆట కూడా ఒకటుంది. 2011లో పూర్తి రూపం దాల్చిన 'మైన్‌క్రాఫ్ట్'లో గెలిచి తీరాలన్న పట్టు లేదు. కావాలనుకుంటే చావూ ఉండదు. మట్టి, రాయి, కలప చదరపు దిమ్మలుగా దొరుకుతాయి. వాటితో ఇల్లు కట్టవచ్చు, కోట కట్టవచ్చు. 2020లో పత్రికాస్వేచ్ఛ కోసం పాటుపడే ఒక అంతర్జాతీయ సంస్థ వివిధ దేశాల్లో నిషేధించిన వ్యాసాలను చదువుకునేందుకు అందులో ఏకంగా ఒక గ్రంథాలయాన్నే కట్టించింది. కొత్తవాడికి ఏం చేయాలో చెప్పదన్నది దాని మీద ఉన్న పాత ఫిర్యాదు. మొదటి రాత్రి చీకట్లో ఏవో వచ్చి మీదపడేదాకా ఇల్లు ఎందుకు కట్టాలో అర్థం కాదు. అర్థమయ్యాక ఇంకో చిక్కు వస్తుంది. అందులో ఒక పగలూ ఒక రాత్రీ కలిపి ఇరవై నిమిషాలు. గోడలు సగంలో ఉండగానే పొద్దుగూకుతుంది. తలుపు వేసుకుని కూర్చుంటే మళ్లీ తెల్లవారుతుంది, కప్పు వేయవలసి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ కప్పు వేసి లేస్తానంటాడు. కప్పు వేశాక కిటికీ మిగిలి ఉంటుంది.